కాలువ శివారున పార్లమెంటు

ఈ ఆగస్టు 28కి అంతర్రాష్ట్ర జల వివాదాల చట్టానికి డెబ్బై ఏళ్లు నిండుతాయి. మరో మూడు రోజులకు రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టానికి కూడా నిండుతాయి. 1956లో ఒకే వారంలో రాష్ట్రపతి ఆమోదం పొందిన ఈ రెండు చట్టాల కిందే కృష్ణా డెల్టా మూడు తరాలు గడిపింది. మనం ఏ రాష్ట్రంలో ఉంటామో ఒకటి తేల్చింది. ప్రకాశం బ్యారేజీకి పైనుంచి నీరు రాకపోతే ఎవరి గుమ్మం ఎక్కాలో రెండోది చెప్పింది. పార్లమెంటు సమావేశాలు ముగిసినప్పుడల్లా ఎన్ని బిల్లులు నెగ్గాయో లెక్క చెప్పడం ఆనవాయితీ. ఆ లెక్క మర్నాటి పత్రికతో పాతబడిపోతుంది. చట్టం మాత్రం పొలంలోకి, ఇంట్లోకి, కోర్టు వాయిదాల్లోకి వచ్చి దశాబ్దాలు ఉండిపోతుంది. అందుకే ఢిల్లీలో జరిగే చట్టాల పనిని ఈ సందర్భంలో ఒకసారి డెల్టా గట్టు మీద నిలబడి చూడాలి.

1956 మామూలు సంవత్సరం కాదు. జూన్ 2న ఎయిమ్స్ చట్టం, 17న హిందూ వారసత్వ చట్టం, ఆ మర్నాడే జీవిత బీమా సంస్థ చట్టం, ఆగస్టు చివర పై రెండు చట్టాలు, సెప్టెంబరు 12న నదీ బోర్డుల చట్టం, అక్టోబరులో రాజ్యాంగ ఏడో సవరణ. పార్లమెంటులో జరిగిన దాన్ని పత్రికలు ఉన్నదున్నట్టు ప్రచురించుకునే రక్షణ కూడా ఆ ఏడాది మే నెలలోనే చట్టమైంది. ఫిరోజ్ గాంధీ ప్రైవేటు సభ్యుడి బిల్లుగా పెట్టి దాన్ని సాధించారు. వీటిలో చాలా వాటి జాడ మన చుట్టుపక్కలే కనిపిస్తుంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో నెలకొల్పిన ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ, ఎల్‌ఐసీలో కలిసిన 245 బీమా సంస్థల్లో ఒకటి. మంగళగిరి ఎయిమ్స్‌లో ఓపీ చీటీ కోసం వరసలో నిలబడే మనిషి 1956 నాటి చట్టం, దాని సవరణల వల్ల పుట్టిన ఆసుపత్రిలోనే నిలబడ్డాడు.

ఆ పని జరిగిన తీరు కూడా గుర్తు పెట్టుకోదగ్గది. ఆ ఏడాది ఫిబ్రవరిలో స్పీకర్ మవలాంకర్ కన్నుమూస్తే, మార్చిలో ఆ కుర్చీ ఎక్కింది తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. విజయవాడ తరఫున సభలో ఉన్నది సరోజినీ నాయుడు తమ్ముడు, కవి హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ. ఇండిపెండెంటుగా నిలబడితే బెజవాడ ఓటర్లు గెలిపించి పంపారు. దేశం పటాన్నే తిరగరాసిన పునర్వ్యవస్థీకరణ బిల్లును ప్రభుత్వం నేరుగా ఓటుకు పెట్టలేదు. ఉభయ సభల సంయుక్త సంఘానికి పంపింది. సంఘం నివేదిక వచ్చాక కూడా సభలో వాదన ఆగలేదు. బొంబాయి విషయంలో సభ్యులే పట్టుబట్టి బిల్లును మార్పించారు. గుజరాత్‌ను, మహారాష్ట్రను కలిపి ద్విభాషా రాష్ట్రం చేశారు. ఆ మార్పు నిలవలేదు, 1960లో ఆ రాష్ట్రాన్ని విడదీయక తప్పలేదు. కాబట్టి చర్చించిన చట్టాలన్నీ సరైనవేనని ఎవరూ అనలేరు. కానీ ఎవరు ఏమన్నారో, ఏ వాదన నెగ్గిందో, ఎందుకు నెగ్గిందో రికార్డులో ఉంది. తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కోవడానికి దారి ఉంది. తొలి లోక్‌సభ అయిదేళ్లలో 677 రోజులు సమావేశమైంది. 2019 నుంచి 2024 దాకా నడిచిన 17వ లోక్‌సభ సమావేశమైంది 274 రోజులు.

హిందూ వారసత్వ చట్టం దగ్గర కాస్త ఆగాలి. డెల్టాలో భూమి అంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఆ చట్టం ఎంత పెద్దదో వేరే చెప్పనక్కర్లేదు. అంతకు ముందు ఆడపిల్లకు పొలం దక్కితే అది పసుపు కుంకుమ కింద తండ్రి ఇష్టపడి రాసిచ్చింది. అడిగి తీసుకునే హక్కు కాదు. హిందూ కోడ్ బిల్లును సభ సాగదీసిందన్న ఆవేదనతో అంబేడ్కర్ 1951లో మంత్రి పదవి వదులుకున్నారు. ఆ బిల్లు నాలుగు ముక్కలై, అందులో ఒకటి 1956లో చట్టమైంది. తండ్రి సొంత ఆస్తిలో కూతురికి వాటా వచ్చింది, స్త్రీ చేతికి వచ్చిన ఆస్తి మీద ఆమెకే పూర్తి హక్కు వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం కొడుకులకే మిగిలింది. డెల్టా పల్లెల్లో ఆస్తి అంటే అధిక భాగం ఉమ్మడి ఆస్తే గనుక ఆ ఒక్క మినహాయింపు ఎన్నో వేల కుటుంబాల్లో కూతుళ్లను పక్కన పెట్టింది.

ఆ లోటును మొదట పూడ్చినవాళ్లలో మనం ఉన్నాం. నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ చట్టానికి సవరణ తెచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. పార్లమెంటు దేశమంతటికీ ఆ పని చేసింది 2005లో. సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో మిగిలిన సందేహాలు తీర్చింది. 1956 నుంచి 2020 దాకా, ఒక చట్టం తన పని పూర్తి చేయడానికి అరవై నాలుగేళ్లు తీసుకుంది. ఈ ఆలస్యం బాధ కలిగిస్తుంది. అయినా లోపం ఎక్కడుందో మొదటి చర్చల నుంచే అందరికీ తెలుసు కాబట్టి దిద్దుబాటుకు ఆధారం దొరికింది. పెళ్లయిన అక్కకు లేని హక్కు పెళ్లికాని చెల్లెలికి ఎలా వచ్చిందని గుడివాడలోనో తెనాలిలోనో ఒక తల్లి అడిగితే వకీలు ఒక తేదీ చూపించగలిగాడు. ఆ తేదీ వెనక ఉన్న వాదన కూడా చెప్పగలిగాడు.

నీటి చట్టం కథ ఇంత సుఖంగా సాగలేదు.

1855లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి కృష్ణ నీరు డెల్టా ప్రాణం. 1957 డిసెంబరు 24న ప్రకాశం బ్యారేజీ మొదలయ్యాక పదమూడు లక్షల ఎకరాలు దాని మీదే ఆధారపడ్డాయి. పైన మహారాష్ట్ర, మైసూరు ప్రాజెక్టులు కట్టుకోవడం మొదలుపెట్టాక 1956 చట్టం కింద ట్రైబ్యునల్ కావాలన్న మాట వచ్చింది. చట్టంలో గడువులు లేవు. ట్రైబ్యునల్‌ను ఎప్పటిలోగా వేయాలో, అది ఎప్పటిలోగా తేల్చాలో రాయలేదు. బచావత్ ట్రైబ్యునల్ 1969 ఏప్రిల్‌లో గానీ ఏర్పడలేదు. అప్పుడు కేంద్రంలో నీటిపారుదల మంత్రి విజయవాడ ఎంపీ డాక్టర్ కె.ఎల్. రావు. నదిని ఇంజినీరుగా ఎరిగిన ఆయనకు కూడా ఆ చట్టం ఇచ్చినంత మేరకే చేతులు ఆడాయి. 1973 డిసెంబరులో అవార్డు, 1976 మే 27న తదుపరి నివేదిక, మే 31న గెజిటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు తిరుగు ప్రవాహాలతో కలిపి 811 టీఎంసీలు, అందులో కృష్ణా డెల్టాకు 181.20 టీఎంసీలు. ఆ గెజిటుకు ఈ మే నెలతో యాభై ఏళ్లు నిండాయి. మన సాగునీటి ఇంజినీర్లు, నీటి సంఘాల పెద్దలు ఏ మాట మొదలుపెట్టినా ఆ అంకెతోనే మొదలుపెడతారు.

బచావత్ రెండు పద్ధతులు చెప్పింది. నమ్మదగిన నీటిని పంచి, మిగులును వాడుకునే స్వేచ్ఛ దిగువ రాష్ట్రానికి వదిలేయడం ఒకటి. మిగులునీ తరుగునీ అందరూ పంచుకునేలా కృష్ణా లోయ ప్రాధికార సంస్థను పెట్టడం రెండోది. రెండోదానికి రాష్ట్రాలన్నీ ఒప్పుకోవాలి, లేదా పార్లమెంటు చట్టం చేయాలి. మన రాష్ట్రం ఒప్పుకోలేదు. మిగులు నీరు మనదే అవుతుందన్న లెక్క అప్పట్లో తప్పు అనిపించలేదు. పార్లమెంటు కూడా ఆ చట్టం జోలికి పోలేదు. ఎగువన జలాశయాలు నిండుతూ పోయిన కొద్దీ మిగులు తరిగింది. తరుగు ఏడాది వచ్చినప్పుడు పంచుకునే నియమం మాత్రం లేకుండా పోయింది. ఈ శతాబ్దం మొదటి ఏళ్లలో వరసగా వచ్చిన కరువు దాని ఫలితం చూపించింది. దాళ్వా సంగతి అటుంచి, సార్వాకు నారుమడులు తడపడానికే ఎదురుచూపులయ్యాయి. 1956లోనే వచ్చిన నదీ బోర్డుల చట్టం ఇలాంటి వాటి కోసమే పుట్టింది. ఈ డెబ్బై ఏళ్లలో ఆ చట్టం కింద ఒక్క బోర్డు కూడా ఏర్పడలేదు. చట్టం చేయడంతో పార్లమెంటు బాధ్యత తీరిపోదని చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం కనిపించదు.

ఇక 2014 దగ్గరికి రావాలి. విజయవాడలో ఆ మాట ఎత్తితే ఇప్పటికీ గొంతులు మారతాయి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ జనవరి 30న మూజువాణి ఓటుతో తిప్పి పంపిన రాష్ట్ర విభజన బిల్లు ఫిబ్రవరి 13న లోక్‌సభకు వచ్చింది. ఆ రోజు సభలో మిరియాల స్ప్రే చల్లిన సభ్యుడు విజయవాడ ఎంపీయే. కె.ఎల్. రావు కూర్చున్న నియోజకవర్గం పేరు అలా దేశమంతా వినిపించింది. ఫిబ్రవరి 18న తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన స్థితిలో, ఎంపీల సస్పెన్షన్ల మధ్య బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది. 20న రాజ్యసభ, మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం, జూన్ 2న రెండు రాష్ట్రాలు. తెలంగాణ ప్రజల దశాబ్దాల ఆకాంక్ష న్యాయమైనది, ఆ రాష్ట్రం ఏర్పడడం మీద ఈ సంపాదకీయానికి ఏ పేచీ లేదు. కోట్ల మంది ఆస్తులు, అప్పులు, నీళ్లు, ఉద్యోగాలు పంచే బిల్లును ఏ పార్లమెంటరీ సంఘమూ సెక్షన్ సెక్షన్‌గా పరిశీలించకపోవడం మీద పేచీ ఉంది. ఆ లోపం మూలంగా నష్టపోయినవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు.

విభజన చట్టం 89వ సెక్షన్ తీసుకోండి. ప్రాజెక్టులవారీగా కేటాయింపులు లేకపోతే చేయాలని, నీరు తక్కువైన ఏడాది ఏ ప్రాజెక్టుకు ఎంత వదలాలో నియమావళి తయారు చేయాలని, బచావత్ తరువాత 2004లో ఏర్పడిన బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్‌కు పని అప్పగించింది. బచావత్ వదిలేసిన చోటే పట్టుకుంది, మంచిదే. కానీ ఆ కేటాయింపులు రెండు కొత్త రాష్ట్రాల మధ్యనా, కర్ణాటక, మహారాష్ట్రలను కూడా కలిపి నలుగురి మధ్యనా అన్నది తేటగా రాయలేదు. ఆ ఒక్క ప్రశ్న మీద వాదనలు 2016 అక్టోబరు దాకా సాగాయి. రెండు రాష్ట్రాలకే పరిమితమని ట్రైబ్యునల్ అప్పుడు తేల్చింది. ఈలోగా 2015లో కుదిరిన తాత్కాలిక ఏర్పాటు, మనకు 512, తెలంగాణకు 299 టీఎంసీలు, ఏటేటా పొడిగింపుల మీద నడిచింది. తమ వాటా తక్కువన్న తెలంగాణ అభ్యంతరం 1956 చట్టం మూడో సెక్షన్ కింద 2014లోనే కేంద్రానికి చేరింది. దాని మీద ట్రైబ్యునల్‌కు కొత్త విధివిధానాలు ఇస్తూ కేంద్ర మంత్రివర్గం నిర్ణయం తీసుకున్నది 2023 అక్టోబరులో. కృష్ణా బోర్డును విభజన చట్టం 85వ సెక్షన్ పెట్టింది గానీ దాని పరిధిని కేంద్రం తరువాత ప్రకటిస్తుందని 87వ సెక్షన్ రాసింది. ఆ ప్రకటన వచ్చింది 2021 జులై 15న, ఏడేళ్ల తరువాత. 2023 నవంబరు చివర, తెలంగాణలో పోలింగు ముందు రాత్రి, నాగార్జునసాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురుబొదురు నిలబడ్డారు. సగం గేట్లు వీళ్లవి, సగం వాళ్లవి అన్న స్థితిలో కేంద్ర బలగాలు వచ్చి డ్యామ్‌ను చేతిలోకి తీసుకోవాల్సి వచ్చింది. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామ్ మీద తెలుగువాళ్లు తెలుగువాళ్లకు ముళ్లకంచె వేసుకున్న ఆ రాత్రి తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఒక బిల్లును సంఘానికి పంపి, నాలుగు రాష్ట్రాల ఇంజినీర్లను పిలిచి అడిగి ఉంటే ఈ గొడవల్లో కొన్నయినా కాగితం మీదే తీరేవి.

రాజధాని సంగతీ అంతే. హైదరాబాదు పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధాని అని, ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌కు కొత్త రాజధాని ఉంటుందని అయిదో సెక్షన్ అంది. ఎక్కడో చెప్పలేదు. ఆ ఖాళీలోకి రాజకీయం వచ్చి కూర్చుంది. భూములిచ్చిన 29 గ్రామాల రైతులు ఒక ప్రభుత్వం శంకుస్థాపననీ మరో ప్రభుత్వం మూడు రాజధానుల చట్టాలనీ చూసి, 2022 మార్చిలో హైకోర్టు తీర్పు దాకా రోడ్ల మీద గడిపారు. ప్రత్యేక హోదా మరింత స్పష్టమైన పాఠం. రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ అయిదేళ్ల హోదా ఇస్తామని సభాముఖంగా ప్రకటించారు. పదేళ్లు కావాలని ఎం. వెంకయ్యనాయుడు అడిగారు. చట్టం పాఠంలోకి ఆ రెండూ చేరలేదు. 2016 సెప్టెంబరులో హోదాకు బదులు ప్యాకేజీ వచ్చింది. సభలో ఇచ్చిన మాటకు నైతిక బలం ఉంటుంది. కోర్టు మెట్లెక్కగలిగేది సెక్షన్‌గా అచ్చయిన మాట ఒక్కటే. కోపంతో, కన్నీళ్లతో, స్ప్రేతో సభను ఆపాలనుకున్న మన ఎంపీలు ఆ ఎనిమిది రోజుల్లో సవరణల మీద పట్టుబట్టి ఉంటే ఎంత దక్కేదో ఇప్పుడు చెప్పలేం. దక్కని దానికి బాధ్యత ఢిల్లీది మాత్రమే అనుకోవడం మాత్రం మనల్ని మనం మోసగించుకోవడం.

2014 ఒక్కసారి జరిగిన అపశ్రుతి అయితే ఇంత దూరం రాసే పని లేదు. అది రివాజు అవుతోంది. శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993 నుంచి ఉన్నాయి. 15వ లోక్‌సభలో నూటికి 71 బిల్లులు సంఘాల పరిశీలనకు వెళ్లాయి. 17వ లోక్‌సభకు వచ్చేసరికి అది 16కు పడింది. ఆ సభ నెగ్గించిన బిల్లుల్లో సగానికి పైగా సభలో పెట్టిన రెండు వారాల్లోపే నెగ్గాయి. మూడో వంతుకు పైగా బిల్లుల మీద లోక్‌సభలో గంట కూడా చర్చ జరగలేదు. వ్యవసాయ చట్టాలు 2020లో గందరగోళం మధ్య వచ్చి, 2021 నవంబరు 29న చర్చ లేకుండానే రద్దయ్యాయి. రావడమూ పోవడమూ రైతుకు వినపడకుండానే జరిగాయి. 2023 డిసెంబరులో నేర న్యాయ చట్టాలు మూడూ మారినప్పుడు ఉభయ సభల్లో 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెన్షన్‌లో ఉన్నారు. 2025 వర్షాకాల సమావేశాల్లో లోక్‌సభ తనకు కేటాయించుకున్న సమయంలో మూడో వంతు కూడా పని చేయలేదు. అయినా ఆ కాస్త సమయంలోనే 1908 నాటి ఓడరేవుల చట్టం స్థానంలో కొత్త చట్టం వచ్చేసింది. బందరు పోర్టు కోసం తరాలుగా ఎదురుచూసిన కృష్ణా జిల్లాకు, మంగినపూడి తీరంలో వలలు వేసే మత్స్యకారులకు ఆ చట్టం ఏం ఇస్తుందో, ఏం అడుగుతుందో మన ఎంపీల నోట సభలో వినే అవకాశం దాదాపు లేకపోయింది. ఇందులో అధికార పక్షం తప్పు ఎక్కువ, సభ నడపడం దాని పూచీ కనుక. సభను స్తంభింపజేయడమే వ్యూహంగా పెట్టుకున్న ప్రతిపక్షం తప్పు తక్కువేమీ కాదు. ఏ పార్టీ ఏ కుర్చీలో ఉన్నా ఈ మాట మారదు.

త్వరగా నెగ్గితే మంచిదే కదా, పని జరిగింది కదా అనేవాళ్లున్నారు. ఏలూరు కాలువ మీద, బందరు కాలువ మీద లస్కర్లను అడిగితే దీనికి సమాధానం చెబుతారు. తలలో తూము సరిగా అమర్చకుండా నీరు వదిలితే పై ఊళ్లకు అందుతుంది, శివారుకు చేరదు. తొందరగా చేసిన చట్టం నష్టం కూడా అలా శివారునే తేలుతుంది. కేటాయింపు తేలని ఏడాది అవనిగడ్డ, బంటుమిల్లి, రేపల్లె వైపు పొలాలకు నీరు చివరికి చేరుతుంది, కొన్నేళ్లు చేరదు. ఆ లోటు తీర్చడానికి పట్టిసీమ నుంచి గోదావరి నీటిని ఎత్తి పోసుకుంటున్నాం. పులిచింతలలో, కె.ఎల్. రావు పేరు పెట్టుకున్న ఆ జలాశయంలో, నిల్వ చేసుకుంటున్నాం. ఇవన్నీ మన ఇంజినీర్లు కష్టపడి వెతికిన ఉపశమనాలు. నది మీద హక్కును మాత్రం ఏ పంపూ ఎత్తి పోయలేదు, అది చట్టం నుంచే రావాలి.

1956 జల వివాదాల చట్టాన్ని బాగు చేసే అవకాశం ఒకసారి వచ్చి పోయింది. 2002 సవరణ ట్రైబ్యునళ్లకు మూడేళ్ల గడువు పెట్టి, మరో రెండేళ్ల పొడిగింపుకు వీలిచ్చింది. 2004లో ఏర్పడిన బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ నడిచిన తీరు ఆ గడువు చాలలేదని రుజువు చేసింది. ఒకే శాశ్వత ట్రైబ్యునల్, దానికంటే ముందు రాష్ట్రాల మధ్య రాజీకి ఒక సంఘం, వీటికి గట్టి గడువులు ప్రతిపాదించిన బిల్లును లోక్‌సభ 2019 జులై 31న ఆమోదించింది. రాజ్యసభ దాన్ని చేపట్టకుండానే 17వ లోక్‌సభ కాలం తీరిపోయింది, బిల్లూ దానితో పోయింది. దానికోసం గట్టిగా గొంతెత్తిన తెలుగు ఎంపీ ఎవరూ గుర్తుకు రావడం లేదు.

1956 చట్టానికి డెబ్బై ఏళ్లు నిండుతున్న ఈ వేళ ఉభయ తెలుగు రాష్ట్రాల ఎంపీలు కలిసి చేయదగ్గ పని ఒకటుంది. పార్టీలు పక్కన పెట్టి ఆ బిల్లును తిరిగి తెమ్మని కేంద్రాన్ని అడగాలి. వస్తే దాన్ని జలవనరుల స్థాయీ సంఘానికి పంపమని పట్టుబట్టాలి. సంఘం ఢిల్లీలో కూర్చుని అధికారుల మాట వింటే చాలదు. విజయవాడ రావాలి. పాలమూరుకూ రాయచూరుకూ సాంగ్లీకీ కూడా వెళ్లాలి, కృష్ణ వాళ్లది కూడా. డెల్టాలో మాత్రం బ్యారేజీ చూసి వెనుదిరగకుండా దివిసీమ దాకా దిగి, కాలువ చివరి రైతు సార్వాకు నీరు ఏ తేదీన వచ్చిందో ఏటేటా రాసుకున్న పుస్తకం చూడాలి. నీటి సంఘాల మాట, కౌలు రైతు మాట, చెరువుల్లో చేపలు పెంచే కైకలూరు రైతు మాట వాంగ్మూలంగా నమోదు చేయాలి. తరుగు ఏడాదిలో ఎవరి వంతు ఎంత అన్న నియమం అధికారుల ఉత్తర్వులకు వదలకుండా బిల్లులోనే సెక్షన్‌గా రాయాలి. నివేదిక వచ్చాక దాని మీద ఉభయ సభల్లో ప్రత్యక్ష ప్రసారంతో కనీసం ఒక పూర్తి రోజు చర్చ జరగాలి. ఆ చర్చకు నోటీసు ఇచ్చే పనిని విజయవాడ, మచిలీపట్నం, గుంటూరు, బాపట్ల, ఏలూరు సభ్యులు రాబోయే సమావేశాల మొదటి రోజునే మొదలుపెట్టవచ్చు.